పెద్దమందడి పచ్చబొట్టు

పాలమూరు సీమలో పెద్దమందడి అనే ఊరు ఒకటి ఉన్నదని పాఠకుల్లో చాలామంది విని ఉండరు. అది యాత్రాస్థలం కాదు. జరీ చీర కావలసినవారు గద్వాలకు పోతారు. రాజుల మేడ చూడదలచినవారు వనపర్తికి పోతారు. సంస్థానాధీశులు కాపురమున్న ఆ మేడ పాలిటెక్నిక్ కళాశాల అయింది. పెద్దమందడికి మాత్రం పని ఉన్నవాడే పోతాడు. హైదరాబాదు నుంచి కర్నూలు మీదుగా బెంగుళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, కొత్తకోట ఇంకా రాకముందే మోజెర్ల ఉద్యాన కళాశాల కనబడుతుంది. అది కనబడిందంటే పెద్దమందడి మండలంలో ఉన్నట్టే. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ మండలం మహబూబునగరం జిల్లా నుంచి వనపర్తి జిల్లాలోకి వచ్చింది. ఎర్రచెలకలు, వేరుశనగ చేలు, వాటి మధ్య ఎవరో పేర్చిపెట్టినట్టుండే బండరాళ్ళ గుట్టలు - ఇదీ ఆ నేల.

నేను పోయిన పని కొంచెం విడ్డూరమైనది. తెలుగు పాఠాలు చెప్పుకు బ్రతికేవాణ్ణి కావడంచేత వృత్తులవాళ్ళ నోటి మాటలు పోగుచేసుకోవడం నాకొక వ్యసనం. కుమ్మరి సారె, సాలె మగ్గం, వడ్రంగి బాడిస అయిపోయినవి. పచ్చబొట్ల మాటలు మిగిలిపోయినవి. పెద్దమందడిలో ఒక ఇంట తల్లి చేతిసూదులతో పచ్చబొట్లు పొడిచేదనీ, కొడుకు మిషనుతో పొడుస్తున్నాడనీ, ఇప్పుడు అంతకన్న మంచి మిషను కొనే ప్రయత్నంలో ఉన్నాడనీ వనపర్తిలో ఒక మిత్రుడు చెప్పాడు. రెండు తరాల మాటలు ఒక్క అరుగు మీదనే దొరుకుతాయి గదా అనుకున్నాను.

ముందు మాట సంగతి చూద్దాం. బొట్టు పెడతాం, పూస్తాం, దిద్దుతాం. పచ్చబొట్టును మాత్రం పొడుస్తాం. క్రియలోనే నొప్పి ఉన్నది. ఇక పచ్చ ఎందుకయింది? వేసేది మసి, మసి నలుపు. అయినా ఆ నల్లటి మసి చర్మం కింద చేరిన తరువాత పైనుంచి చూస్తే నీలిపచ్చగానే కనబడుతుంది. వెలుగు చర్మం పొరల్లోకి పోయి తిరిగి వచ్చేటప్పుడు అందులోని నీలి భాగం ఎక్కువగా చెదిరి మన కంటికి చేరడమే దీనికి కారణమని శాస్త్రజ్ఞులు చెబుతారు. పేరు పెట్టిన పూర్వులు భౌతికశాస్త్రం చదువుకోలేదు గాని, కళ్ళతో చూసిందే పేరు పెట్టారు.

ఆ ఇల్లు ఎరుకలవారిది. ఎరుక చెప్పడం, బుట్టలల్లడం, పచ్చబొట్లు పొడవడం - ఈ మూడూ ఆ ఆడవాళ్ళ చేతిలో తరతరాలుగా ఉన్న విద్యలు. ఆదిలాబాదు గోండులకు తోటి స్త్రీలు పొడిచినట్టే మైదానపు పల్లెల్లో ఈమెలాంటివాళ్ళు ఊరూరా తిరిగి పొడిచేవారు. ఆ అవ్వకు డెబ్బై దాటి ఉంటాయి. ముంజేతి మీద తులసికోట, మణికట్టు దగ్గర తేలు, నుదుట మూడు చుక్కలు.

"ఎంతమందికి పొడిచి ఉంటావు అవ్వా?" అని అడిగాను.

"లెక్క యాడిది నాయనా! ఈ సుట్టుపక్కల ముసలోళ్ల చేతులన్నీ నాయే అనుకో" అన్నది.

ఆముదపు దీపం మీద మూకుడు బోర్లించి మసి పట్టేదట. దాన్ని ఆకు పసరుతోనో, చనుబాలతోనో నూరేదట. మూడో నాలుగో సూదులను దారంతో చుట్టి, మొనలన్నీ ఒక్క ఎత్తున ఉండేట్టు గోటితో సరిచూసుకునేదట. పొడిచినంతసేపూ పాట పాడేది; చిన్నపిల్ల ఏడుపు మరిచిపోవాలి గదా. చివర పసుపు అద్దేది. కూలి అంటే చాటెడు జొన్నలు, ఒక పాత రవిక.

"ఎందుకు పొడిపించుకునేవారు?" అంటే ఆమె చెప్పిన జవాబు నా పుస్తకంలో రాసుకున్నాను. "బంగారం కుదువ వెట్టొచ్చు. పుస్తెలు గూడ అమ్ముకోవచ్చు. దీన్ని ఎవడు కొంటడు? కాటి దాంక ఇదే ఎంబడొస్తది."

ఈ మాట విలువ పాలమూరు చరిత్ర తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. వానలు కురవని ఏళ్ళలో ఈ సీమ జనం మూటాముల్లె కట్టుకుని ఆనకట్టల పనులకూ, బొంబాయి, పూనా నగరాలకూ పోయినవారు. పాలమూరు కూలీ లేని పెద్ద ప్రాజెక్టు లేదనిపించుకున్నవారు. ఉన్న ఊరు, ఇల్లు, పశువు వదిలి పోయేవాళ్ళకు వెంట తీసుకుపోగల సొత్తు చేతి మీది బొట్టే. భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు వచ్చిన తరువాత ఈ ప్రాంతపు పొలాల ముఖం మారింది గాని, ఆ బొట్లు అట్లాగే ఉన్నవి.

అవి అంత గట్టిగా ఎట్లా నిలుస్తాయి? చర్మం పై పొర నిత్యం రాలిపోతూ కొత్తది వస్తూంటుంది. సూది ఆ పొర దాటి ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున ఉన్న అసలు చర్మంలో మసిని వదలాలి. అక్కడ మన ఒంటి కాపలా కణాలు ఆ రేణువులను పరాయివని పట్టి మింగుతాయి, కాని అరిగించుకోలేవు. ఆ కణం చచ్చినప్పుడు మసి బయటపడుతుంది. పక్కనున్న కొత్త కణం మళ్ళీ దాన్ని మింగుతుంది. ఎలుకల మీద ప్రయోగాలు చేసి ఫ్రాన్సులోని మార్సే నగరపు పరిశోధకులు 2018లో వెల్లడించిన సంగతి ఇది. అంటే పచ్చబొట్టు రాతిమీది శాసనం వంటిది కాదు. చేతులు మారుతూ వచ్చే తాళపత్ర గ్రంథం వంటిది. ఆల్ప్స్ కొండల మంచులో 1991లో దొరికిన, సుమారు 5,300 ఏళ్ళ నాటి మనిషి శరీరం మీద 61 పచ్చబొట్లు లెక్కపెట్టారు. అవి కూడా మసితో వేసిన గీతలే.

గీతలు, చుక్కలు. అవ్వ విద్య అంతా ఆ రెండింటిలోనే ఉన్నది. నీడ అనేది అందులో లేదు. తులసికోటకు నీడ ఎందుకు? తేలుకు ఎందుకు? కథంతా ఇక్కడే మొదలయింది.

కొడుకుకు ముప్పై లోపే ఉంటుంది. దీపావళి వెళ్ళిన తరువాత జరిగే కురుమూర్తి జాతర పాఠకులు వినే ఉంటారు. చిన్నచింతకుంట మండలంలోని ఆ కొండకు, స్వామివారి పాదుకల ఊరేగింపు అయిన ఉద్దాల ఉత్సవం నాడు ఇసుక వేస్తే రాలనంత జనం వస్తారు. గాజుల అంగడికీ మిఠాయి కొట్టుకీ మధ్య గోనెపట్టా పరచుకుని, బొమ్మల అట్ట ఒకటి నిలబెట్టి, జుయ్యిమని చప్పుడు చేసే మిషనుతో పచ్చబొట్లు పొడిచేవాళ్ళలో ఇతనొకడు. ఆ మిషను నాకు చూపించాడు. పాత టేపురికార్డరు మోటారు, దాని ఇరుసు మీద కేంద్రం తప్పించి అతికించిన చిన్న బిళ్ళ, బాల్‌పెన్ను గొట్టం, దానిలో పైకీ కిందికీ ఆడే సూది, ఒక బ్యాటరీ. అంతే!

నవ్వకండి. న్యూయార్కులో పుట్టిన మొదటి మిషను కూడా ఇంచుమించు ఇదే. ఎడిసన్ మహాశయుడు 1876లో విద్యుత్ కలానికి పేటెంటు పొందాడు. కాగితం మీద రాస్తూంటే చిన్న మోటారు సూదిని గబగబా ఆడించి అక్షరాలన్నీ చిల్లులుగా పొడిచేది. ఆ చిల్లుల కాగితం మీద సిరా రుద్ది ప్రతులు తీసుకునేవారు. కాగితానికి బదులు చర్మాన్ని పొడిస్తేనేం అనుకున్నవాడు శామ్యూల్ ఓరైలీ. 1891 డిసెంబరు 8న పచ్చబొట్ల మిషనుకు పేటెంటు సంపాదించాడు. తరువాత చార్లీ వాగ్నర్ 1904లో పేటెంటు చేసిన పద్ధతిలో మోటారు పోయి అయస్కాంతపు చుట్టలు వచ్చినవి. మన ఇంటి గుమ్మం దగ్గరి విద్యుత్ గంట ఎట్లా కొట్టుకుంటుందో అట్లా అదీ కొట్టుకుంటుంది. చాలా కాలం ఆ చుట్టల మిషనుదే రాజ్యం. ఇప్పుడు మంచి మోటార్లు రావడంతో తిరిగే పద్ధతి మళ్ళీ పైకి వచ్చింది. దాన్నే రోటరీ అంటున్నారు. మన ఇళ్ళలో కుట్టుమిషను చక్రం తిరిగితే సూది పైకీ కిందికీ ఆడదూ? అదే సూత్రం.

"ఇది ఉన్నది గదా, మరొకటి ఎందుకు?" అని అడిగాను.

"గీత దీంతోని అయితది సార్. పేరు రాయనీకి, తేలు బొమ్మకు ఇది సాలు. మొఖానికి షేడింగు రావాలె. దీంతోని షేడింగు జేస్తే సెంప మీద స్ఫోటకం మచ్చలోలె అయితది."

తరాల తేడా ఇదే. ఇప్పుడు జాతరకు వచ్చే కుర్రవాళ్ళు తేలు అడగడం లేదు. ముఖాలు అడుగుతున్నారు. కన్న బిడ్డ ముఖం, చనిపోయిన తండ్రి ముఖం. ముఖం గీతల్లో ఉండదు, నీడల్లో ఉంటుంది. ముక్కు అనేది ముఖం మీద గీసిన గీత కాదు గదా. ఒక పక్క వెలుగు, ఒక పక్క చీకటి, మధ్య మెల్లగా కరిగే మసక. ఆ మసకను చర్మం మీద దిద్దడమే షేడింగు.

అది ఎట్లా సాధ్యమో ఆ యువకుడు నాకు చెప్పిన తీరు చూసి, మా కళాశాలలో పాఠం చెప్పడానికి పిలుద్దామా అనిపించింది. నీడ అంటే చుక్కలేనట. దగ్గరదగ్గరగా పడితే చీకటి, దూరందూరంగా పడితే మసక, పడకపోతే వెలుగు. సిరాను నీళ్ళతో పలచన చేసి మూడు నాలుగు గిన్నెల్లో ముదురు నుంచి లేత దాకా పెట్టుకుంటారు. గీతకు సూదులన్నీ గుండ్రంగా, ఒక్క మొనలాగా బిగించి ఉంటాయి. నీడకు బల్లపరుపుగా రెండు వరసల్లో, కుంచెలాగా ఉంటాయి.

ఇక మిషను. సూది సెకనుకు వంద సార్ల దాకా ఆడుతుంది. చెయ్యి ఒకే తీరుగా జరుగుతూంటే చుక్కలు సమదూరాన పడాలి. టేపురికార్డరు మోటారుకు ఆ బలం లేదు. గాలిలో బాగానే తిరుగుతుంది. సూదుల కుంచె చర్మానికి తగలగానే ఆయాసపడి వేగం తగ్గుతుంది, ఎత్తగానే మళ్ళీ పరుగెత్తుతుంది. ఇక చుక్కలు ఒకచోట గుంపు, ఒకచోట ఖాళీ. పైగా బిళ్ళ చేత్తో అతికించింది గనుక సూది నిట్టనిలువుగా ఆడదు, పక్కలకు ఊగుతుంది. చర్మాన్ని పొడవడానికి బదులు గీరుతుంది. నీడ రాలేదని మళ్ళీమళ్ళీ అదేచోట పోనిస్తే చర్మం చితికిపోతుంది. లోతు ఎక్కువయితే సిరా చుట్టూ పాకుతుంది. మంచి రోటరీలో బలమైన మోటారు ఉంటుంది. చర్మం తగిలినా వేగం తగ్గదు. సూది సూటిగా నడుస్తుంది. సూది ఎంత ఎత్తు లేచి దిగుతుందో ఆ కొలతను 'స్ట్రోకు' అంటారు. మూడు మిల్లీమీటర్ల దరిదాపున ఉండే పొట్టి స్ట్రోకు మెత్తని నీడకు మంచిది. నాలుగుకు పైబడినది గీతకూ, గట్టిగా రంగు నింపడానికీ మంచిది. మూడున్నర అయితే రెండింటికీ సర్దుకుపోతుంది.

మహబూబునగరంలో ఒక స్నేహితుని మిషను రెండు రోజులు అడిగి తెచ్చుకున్నాడట. అభ్యాసానికి అమ్మే కృత్రిమ చర్మపు రేకు మీద రెండు పట్టీలు దిద్ది ఉంచాడు. రెండూ నలుపుతో మొదలై తెలుపులోకి పోవాలి. పాత మిషనుతో దిద్దినది మెట్లు మెట్లుగా, గరుకుగా ఉన్నది. కొత్తదానితో దిద్దినది సాయంకాలపు ఆకాశంలాగా ఎక్కడ నలుపు అయిందో, ఎక్కడ తెలుపు మొదలయిందో చెప్పలేనట్టున్నది. అవ్వ కూడా ఆ రేకును కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, వేలితో తడిమి, "ఇది మంచిగున్నది" అన్నది.

ఈ తాపత్రయానికి అసలు కారణం ఒకటున్నది. పక్క ఊరి రైతు ఒకాయన, తల్లి పోయిన నెలకు, ఆమె ఫొటో పట్టుకుని వచ్చాడు. గుండె మీద ఆ ముఖం పొడవమన్నాడు. ఎంతయినా ఇస్తానన్నాడు. ఇతను ఒప్పుకోలేదు.

"చేస్త గని ఇప్పుడు గాదు అన్న. అమ్మ మొఖం తప్పువోతే మల్ల తుడుస్తె పోదు" అన్నాడట. ఆయన అప్పటినుంచి పదిహేను రోజులకోసారి వచ్చి మిషను వచ్చిందా అని అడిగి పోతున్నాడు. జాతరలో అడిగినవాడికల్లా పొడిచి డబ్బు తీసుకునే వృత్తిలో, చేతిలోకి వచ్చిన బేరాన్ని ఇట్లా ఆపుకున్నవాడి మీద నాకు గౌరవం కలిగింది. నీడ రెండు చుక్కలు తప్పితే తల్లి ముఖం పరాయి ముఖమవుతుంది. ఆ పరాయి ముఖాన్ని ఆ రైతు బ్రతికినన్నాళ్ళూ గుండె మీద మోయాలి.

మన చర్మపు రంగు కూడా ఇందులో ఒక చిక్కు. తెల్ల దొరల ఒంటి మీద లేత బూడిద రంగు నీడ కనబడుతుంది. ఎండలో పనిచేసే పాలమూరు రైతు చామనఛాయ మీద అదే నీడ మాయమైపోతుంది. అందుచేత మన ఒంటికి చీకటిని ఇంకా చీకటిగా వేసి, వెలుగు కోసం చర్మాన్ని ఖాళీగా వదలడం తెలియాలి. ఎక్కడ పొడవకూడదో తెలియడం ఏ మిషనూ నేర్పదు. జపానులో తెబొరి అనే చేతిపని ఉన్నది. కర్ర చివర కట్టిన సూదుల వరసతో, మోటారు లేకుండానే, నలుపును తెలుపులోకి కరిగిస్తారు. దాన్ని బొకాషి అంటారు. కనుక నీడ మిషనులో లేదు, చేతిలో ఉన్నది. మంచి మిషను చేతికి అడ్డం రాకుండా ఉంటుంది, అంతే. అయితే చెడ్డ మిషను అడ్డం వస్తుందన్నది కూడా అంతే నిజం.

ఫోనులో అతను మూడు మిషన్ల బొమ్మలు చూపించాడు. ఒకటి చౌక. ఒకటి మధ్యరకం; తీగ ఉన్నది, మూడున్నర స్ట్రోకు. మూడవది తీగ లేనిది, స్ట్రోకు కూడా కావలసినట్టు మార్చుకోవచ్చు; ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. జాతర డబ్బంతా పోసి, కొంత అప్పు తెచ్చి మూడవదే కొందామని అతని మనసు. అప్పుడు అవ్వ అడిగిన ప్రశ్న వినండి.

"మిషన్ ఒక్కపాలి కొంటవు బిడ్డా. సూది మనిషికొకటి గావాలె. గా పైసలు యాడికెళ్లి తెస్తవు?"

కొడుకు మాట్లాడలేదు. ఆమే మళ్ళీ అన్నది: "మా కాలంల ఒక్క సూదితోనే ఊరంత పొడిచినం. మాకెవరు జెప్పిండ్రు? నీకు తెలుసు గద!"

తెలిసిన సంగతి ఏమంటే, కామెర్ల జాతికి చెందిన హెపటైటిస్ బి వైరసు ఆరిన నెత్తుటి మరకలో కూడా కనీసం ఏడు రోజులు బ్రతికి ఉంటుంది. సూదిని వేడినీళ్ళలో ముంచి తుడిస్తే చాలదు. ఆసుపత్రుల్లో పరికరాలను మూతపెట్టిన ఆవిరి యంత్రంలో 121 డిగ్రీల వేడిమి దగ్గర పావుగంట ఉంచుతారు. టేపురికార్డరు మోటారును అందులో పెట్టలేం గదా. అందుకనే కొత్త మిషన్లకు సూదులు చిన్న గూడులో బిగించి వస్తాయి. కార్ట్రిడ్జి అంటారు. మంచి రకాల్లో లోపల పల్చని రబ్బరు పొర ఉండి, సిరా, నెత్తురు మిషనులోకి ఎక్కకుండా ఆపుతుంది. ఒక మనిషికి వాడిన గూడు మరొకరికి పనికిరాదు, పారవేయవలసిందే. కుంచె సూదికి ఒకటి, గీత సూదికి ఒకటి. ముఖం పొడవాలంటే మూడు నాలుగు కావాలి. జాతరలో పేరు పొడిచినందుకు వచ్చే డబ్బులో ఇది చిన్న ఖర్చేమీ కాదు.

ఆ సాయంకాలం తల్లీకొడుకులు అరుగు మీద కూర్చుని లెక్క వేశారు. నేను పుస్తకం మూసి వింటున్నాను. చివరకు తేలింది ఇది: మధ్యరకం మిషను కొనాలి. అప్పు చేయకూడదు. మిగిలిన డబ్బుకు కార్ట్రిడ్జి పెట్టెలు, చేతి తొడుగులు, అభ్యాసపు రేకులు తెప్పించాలి. జాతరలో పేరుకు తీసుకునే ధరలో సూది ఖరీదు కలిపి, పొట్లం ఎదురుగా చింపి చూపించాలి. "కిరికిరి జేసేటోడు జేస్తడు, పక్కోని దగ్గరికి పోతడు" అన్నాడు కొడుకు కొంచెం దిగులుగా. "పోనీ. చేతులు సూసి మల్ల మనకాడికే వస్తరు" అన్నది అవ్వ.

ఈ మాట జాతరకు పోయే మన ఇళ్ళ పిల్లలకు కూడా చెప్పవలసి ఉన్నది. పచ్చబొట్టు పొడిపించుకునేవాడు బొమ్మల అట్టను చూసే ముందు సూది పొట్లం చూడాలి. సిరా కొత్త గిన్నెలో పోశాడా అని చూడాలి. పొడిపించుకున్న తరువాత పన్నెండు నెలలు రక్తదానానికి పనికిరారని మన దేశపు నిబంధన. సైన్యంలో చేరదలచిన కుర్రవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనుక తప్ప మరోచోట శాశ్వతమైన పచ్చబొట్టు ఉంటే, ఆచారంగా వేయించుకునే గిరిజనులకు తప్ప, సామాన్యంగా ఒప్పుకోరు. రెండు వందల రూపాయల సరదా ఉద్యోగానికి అడ్డం రావచ్చు.

ఆ రైతు సంగతి ఏమయిందని పాఠకులు అడుగుతారు. ఆయన ఇంకా ఎదురు చూస్తూనే ఉన్నాడు. మిషను వచ్చిన నాడే మొదలుపెట్టరట. ముందు ఆ తల్లి ముఖాన్నే రేకు మీద పది సార్లు పొడవాలి. పదవ రేకును అవ్వ చూడాలి. ఆమె ఆ తల్లిని ఎరుగును. ఆమె ముంజేతి మీది తులసికోట పొడిచింది ఈమేనట. రేకు మీది ముఖం చూసి, "ఇది ఆమెనే" అని అవ్వ అన్న తరువాతనే సూది రైతు గుండె మీద పడుతుంది.